జేబులో నట్టు

మా ఇంటి కోడలికి,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే మీ అత్తయ్య, నేనే అనుకో. ఆవిడ మోకాలి నొప్పి, నా దగ్గు కూడా మాతోపాటు క్షేమంగానే ఉన్నాయి. అక్కడ నువ్వూ, మావాడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. వాడి బస్సు డ్యూటీ పగటికి మారిందని రాశావు, సంతోషం. ఇక రోజూ ఇంట్లోనే తిని, వండినదానికల్లా వంక పెట్టి నీ ప్రాణం తీస్తాడు. వాడి పోలిక ఎవరిదో మీ అత్తయ్యను అడిగితే చెబుతుంది.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది, జవాబు రాయలేదని ఏమీ అనుకోకు. ఫోన్ చేయకపోలేదు. చేసిన ప్రతిసారీ నీ గొంతు వినగానే "ఇదిగో, మీ అత్తయ్య మాట్లాడుతుందట" అని ఫోను ఆవిడ చేతిలో పెట్టి మన కార్ల వైరింగ్ షాపులోకి తప్పుకున్నాను. ఆవిడేమో "నేనెప్పుడన్నానూ?" అన్నట్టు నా వీపు వంక చూసేది. కాగితం ముందైతే అలా తప్పుకోలేనని కూర్చున్నాను.

ముందు దర్జీగారి సంగతి అడిగావు. ఆయన వేళ్లు మానాయి. కత్తెర పట్టుకుంటున్నారు. చూపుడువేలి కొసన మాత్రం కొత్త చర్మం నున్నగా ఉంది, సూది తగిలినా మునుపటిలా తెలియడం లేదట. ఆయన కారు డాష్‌బోర్డు కింద కాలిన వైర్లన్నీ పీకి కొత్తవి వేసి ఇచ్చాను. హారన్ మోగుతోంది. నీ పని బల్ల నువ్వు వదిలి వెళ్లినట్టే ఉంది. నీ టెస్టు ల్యాంపు మేకుకు వేలాడుతోంది. దాన్ని ముట్టుకునే అర్హత నాకు లేదు, ఎందుకో చివర తెలుస్తుంది.

ఇక మీ కారు. రాత్రి బాగున్న బ్యాటరీ పొద్దునకల్లా దిగిపోతోందని, "మెకానిక్‌ను పిలవమంటారా మామయ్యా?" అని రాశావు. అది చదివి నాకు తల కొట్టేసినట్టయింది. బండి షెడ్డులోకి రాకముందే చప్పుడు విని రిలే పోయిందని చెప్పినదానివి నువ్వు. పక్కింటివాళ్లు కారు చూడమంటే నాకు ఆ పని రాదని చెప్పి పంపేశానని కూడా రాశావు. ఆ వాక్యం దగ్గర ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. మళ్లీ తీసి చదవడానికి సాయంత్రం దాకా ధైర్యం చాలలేదు.

మెకానిక్‌ను పిలవకు. నువ్వే చూడు. నీకు తెలిసినదే అయినా చెబుతాను, కాదనకు. తాళం చెవి తీసెయ్, తలుపులు మూసెయ్, చేతి ఉంగరం తీసి లోపల పెట్టు. బ్యాటరీ దగ్గర మావాడిని సిగరెట్ వెలిగించనివ్వకు (మానేశానని చెప్పినా నమ్మకు). ముందు మైనస్ క్లాంపు విప్పు. నీ టెస్టు ల్యాంపు ఇక్కడే ఉంది కాబట్టి, ఒక బల్బుకు రెండు వైర్లు కట్టి ల్యాంపు చేసుకుని ఆ క్లాంపుకీ, బ్యాటరీ మైనస్ టెర్మినల్‌కీ మధ్య పెట్టు. కారులో అన్నీ ఆపేసినా ల్యాంపు వెలుగుతూ ఉంటే ఏదో దొంగతనంగా కరెంటు తాగుతోందన్నమాట. ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి చూడు. ఏది తీస్తే ల్యాంపు ఆరిందో దొంగ ఆ దారిలోనే ఉన్నాడు. నా అనుమానం డిక్కీలో ఉన్న బల్బు మీద. మూత మూసినా ఆరకపోతే ఎవరికీ కనబడదు కదా. ఫ్యూజు పోతే అదే నంబరుది వెయ్. పెద్ద నంబరు వేస్తే ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది. చివర్లో మైనస్ బిగించు.

మైనస్ విప్పినప్పుడు ఏం చేయాలో నీకు వేరే చెప్పక్కర్లేదు. క్లాంపు నట్టు పూర్తిగా ఊడదీసి పని చొక్కా జేబులో వేసుకోవాలి. మన షాపు చట్టం అది, పెట్టింది నేనే. నట్టు ఎవరి జేబులో ఉంటే బండి వాళ్లది. వాళ్లు తమ చేత్తో ఇచ్చేదాకా బండి యజమాని వచ్చి నిలబడినా బ్యాటరీ తగిలించకూడదు. డాష్‌బోర్డు కింద తల దూర్చినవాడి ప్రాణం ఆ నట్టులో ఉంటుందని నీకు మొదటి రోజే చెప్పాను.

నీ ఉత్తరంలో చివరి మాటకు వస్తున్నాను. "ఆ రోజు దర్జీగారి కారుకు మైనస్ విప్పాననే నా చేతులకు గుర్తు. నట్టు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. విప్పకుండానే విప్పాననుకున్నానా మామయ్యా? అలా అయితే ఈ చేతులను ఇంకే బండి మీదా పెట్టను" అని రాశావు.

విప్పావు తల్లీ. విప్పినది నువ్వు, తగిలించినది నేను.

నువ్వు హారన్ వైరు కొస ఒలిచి, అలాగే వేలాడదీసి, అత్తయ్య భోజనానికి పిలిస్తే ఇంట్లోకి వెళ్లావు. దర్జీగారు చూరు కింద ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నారు. ఒక్కసారిగా వాన మొదలైంది. కారు అద్దాలు నాలుగూ దించి ఉన్నాయి, వెనక సీటు నిండా ఆయన కుట్టి ఇవ్వాల్సిన బట్టలు. అద్దాలు ఎత్తాలంటే కరెంటు కావాలి. ఇల్లు షాపు వెనకే, ఒక్క కేక వేస్తే నువ్వు వచ్చేదానివి. వెయ్యలేదు. నా షాపులో అద్దం ఎత్తడానికి కోడలిని అడగాలా అనిపించింది. అంతే, ఇంకే కారణమూ లేదు. డబ్బాలోంచి ఒక నట్టు తీసి మైనస్ బిగించేసి, "లోపల కూర్చుని అద్దాలు ఎత్తుకోండి" అని ఆయనకు చెప్పాను.

నువ్వు ఒలిచిన కొస ఇనుముకు తగిలి ఉంది. అది ఫ్యూజుకు ముందుండే వైరు, కరెంటును మధ్యలో ఆపేవాడు లేడు. పొగ చూసి దర్జీగారు కంగారులో దాన్ని చేత్తో పట్టి లాగారు. నేను క్లాంపు ఊడదీసేలోపు జరగాల్సింది జరిగిపోయింది. నువ్వు ఎంగిలి చేత్తో పరుగెత్తుకొచ్చావు. "బ్యాటరీ తియ్యకుండానే వైర్లు విప్పిందా మీ కోడలు?" అని ఆయన అరిచారు. నేనే తగిలించానని అప్పుడే అనాల్సింది. నీ వైపు తిరిగి "చూసుకోవద్దా అమ్మా?" అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. నువ్వు జేబులోంచి నట్టు తీసి అరచేతిలో పెట్టి చూపించావు. "అది పొద్దుటి బండిది అయ్యుంటుందిలే" అన్నాను. నువ్వు దాని వంక చూసుకున్నావు, నా వంక చూశావు, మళ్లీ జేబులో వేసుకున్నావు. నీ చేతికన్నా నా మాట నమ్మావు. ఆ చూపు నాకు అన్నం దగ్గర కూడా గుర్తొస్తోంది. ఆ వారంలోనే నువ్వు మావాడి దగ్గరికి వెళ్తానంటే వద్దనలేదు, ఎదురుగా లేకపోతే మర్చిపోతాననుకున్నాను. సిగ్గులేని ఆలోచన.

దర్జీగారి దగ్గరికి వెళ్లి నిజం చెప్పాను. ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "నా వేళ్ల సంగతి సరే, ఆ పిల్లకు చెప్పారా?" అన్నారు. లేదన్నాను. "మరి నా దగ్గరేం చేస్తున్నారు?" అన్నారు. ఇంటికి వచ్చి మీ అత్తయ్యకు చెప్పాను. ఆవిడ తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "మీరు రాస్తారా, నేను రాయనా?" అంది. ఇప్పుడు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది, నేను లేస్తానేమోనని కాపలా.

ఇందులో చిన్న పొట్లం కట్టి పెట్టాను, చూసుకో. ఆ రోజు నేను డబ్బాలోంచి తీసి బిగించిన నట్టు. నీలం రంగు ఒలికిపోయిన మన పాత డబ్బా నీకు గుర్తే కదా, దాని మరకే ఇది. నీ దగ్గరున్నది దీని పక్కన పెట్టు. దానికి ఈ మరక ఉండదు, అది దర్జీగారి కారుదే. ఇక నన్ను నమ్మాల్సిన పని లేదు.

క్షమించమని అడగాలి, అడుగుతున్నాను. తిరిగి రమ్మనడానికి మాత్రం నాకు ముఖం చెల్లడం లేదు. ఆ మాట నువ్వు అనుకోవాలి. కారు మాత్రం నువ్వే బాగుచెయ్. మైనస్ విప్పాక నట్టు జేబులో వేసుకో. పని అయ్యేదాకా ఎవరికీ ఇవ్వకు. నేను వచ్చి అడిగినా ఇవ్వకు.

ఇట్లు,
నీ మాట నిజమని ఆలస్యంగా ఒప్పుకున్న
మామయ్య