గుర్రప్పకు కొమ్ములు

కంబదూరు,
14-4-2001

చిరంజీవి విష్ణువర్ధన్‌కు అక్క దీవెనలు. నాయన మోకాలి నొప్పి తప్ప ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. హుబ్లీలో నీకు అద్దె గది కుదిరిందని చదివి నిశ్చింతగా ఉంది.

వాన సంగతి అడిగావు. మబ్బులు వస్తాయి, చూసి పోతాయి. చేలో మనం పూజించే గుర్రప్ప రాయి మీది రాతలు చదివించారా అని కూడా అడిగావు. చదివించాం.

శాసనాలు చదివే శ్రీరంగప్పగారు అనంతపురం నుంచి వచ్చి, ముందు రాయికున్న సున్నం గీకించారు. ఏటా ఉగాదికి మనం పూసిందే, వేలి మందాన పేరుకుపోయింది. పొరలు ఊడేకొద్దీ మన పూర్వీకుడు ఎక్కాడనుకున్న గుర్రానికి కొమ్ములు బయటపడ్డాయి. అది ఆవు. దాని వెనక ఇంకొన్ని ఆవులు. నాకు నవ్వాగలేదు. నాయన నవ్వలేదు.

తర్వాత తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది అచ్చు తీశారు. పాత కన్నడం. దొంగలు ఊరి పశువులను తోలుకుపోతుంటే మారయ్య అనే కాపరి అడ్డుపడి చనిపోయాడనీ, ఊరివాళ్ళు ఈ రాయి నిలిపారనీ ఉందట. "ఆయనది ఏ వంశమో రాయి చెప్పదమ్మా. గుర్రమెక్కిన దొర మాత్రం కాదు" అన్నారు. అదంతా తెలుగులో రాసిచ్చి వెళ్ళారు.

తొలి టెంకాయ తమను కొట్టనివ్వాలని గొర్రెలు కాసే సుంకన్న పెద్దమనుషుల దగ్గరికి పోయిన సంగతి నీకు తెలుసు. ఇన్నాళ్ళూ వాళ్ళను మనం ఆ రాయి తాకనివ్వలేదు. దొర వంశం మనది, పూజ మనది అని నాయన పట్టు. పంచాయితీలో చదవమని ఆ కాగితం నా చేతికిచ్చి, "గుర్రమనే సదువు పాపా. పాత కన్నడం ఈడ ఎవునికొస్తాది?" అన్నాడు.

ఇంతసేపూ ఆ మాటా ఈ మాటా చెబుతూ వచ్చానంటే, అసలు సంగతి రాయడానికి భయపడే. సోమవారం అందరి ముందూ ఉన్నదున్నట్టు చదివేశాను.

సుంకన్న వాళ్ళమ్మ "ఆవుల కోసరం సచ్చిపోయినాడా, అయ్యో!" అని ఏడ్చింది. నాయన లేచి, తెచ్చుకున్న టెంకాయ సుంకన్న చేతిలో పెట్టి, "కొట్టప్పా" అని ఇంటికొచ్చేశాడు.

అప్పటి నుంచి నాతో మాట్లాడడం లేదు. అన్నం పెడితే తింటున్నాడు. నాకు చాలా బాధగా ఉంది. మళ్ళీ చదవమన్నా అదే చదువుతాను. నీకూ కోపమొస్తే తిడుతూనైనా ఉత్తరం వేయి. ఇంట్లో ఉండేది ఇద్దరమే, ఒకరు మాట్లాడరు.

ఇట్లు,
నీ అక్క
పద్మప్రియ