బుధవారం పెట్టిన తద్దినం

కాకినాడ,
ఆగస్టు 12

ప్రియమైన నాన్నగారికి,

ఫోన్లో చెప్పడానికి ధైర్యం చాల్లేదు, అందుకే రాస్తున్నాను. ఆషాఢంలో మీరు ఉదయ్‌భాస్కర్ గారి చేత వాళ్ళమ్మగారి తద్దినం బుధవారం పెట్టించారు కదా. అది మంగళవారం పెట్టించాల్సింది. తప్పు మీది కాదు, మీరు చూసిన మా కంపెనీ పంచాంగం యాప్‌ది. అందులో ఆ లెక్క రాసింది నేనే.

తద్దినానికి మధ్యాహ్నం దాటాక, అపరాహ్నం వేళ ఉన్న తిథి చూడాలి. పురోహితుడి కూతుర్నయ్యుండి నేను సూర్యోదయానికి ఉన్న తిథి తీసుకున్నాను. ఫిబ్రవరిలోనే ఎవరో ఫిర్యాదు పంపారు. "వచ్చే వెర్షన్‌లో చూద్దాం, బయట అనకండి" అన్నారు మా మేనేజర్ రాజేంద్ర గారు. మా కోడ్ మా గుప్పిట్లోనే ఉంటుంది. బయటివాళ్ళు చూడలేరు, దిద్దలేరు. ఆరు నెలలుగా తెలిసీ నోరు మూసుకున్నాను, మీ దగ్గర కూడా.

నా స్నేహితురాలు ఉమాశ్రీ వాళ్ళది ఓపెన్ సోర్స్ పంచాంగం. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు. సరిగ్గా ఇదే తప్పు అక్కడా దొర్లింది. పెనుగొండ నుంచి ఒకాయన పట్టుకుంటే, అందరి ముందే వాదులాడుకుని మూడో రోజుకి సరిచేశారు. తప్పు ఎవరిదో, దిద్దింది ఎవరో పేర్లతో సహా ఉంది. అక్కడ అన్నీ ఇంత త్వరగా తేలవు లెండి, కొన్ని ఏళ్ళ తరబడి పడుంటాయి. కానీ ఉన్నాయని అందరికీ తెలుసు. అది చూశాక నాకు సిగ్గేసింది. ఉద్యోగం పోయినా సరే, మీకు చెప్పేయాలనుకున్నాను.

మీ మాట పోగొట్టిన
శృతి


అమలాపురం,
ఆగస్టు 17

అమ్మా శృతీ,

ఉత్తరం రెండుసార్లు చదివాను. ఓసి పిచ్చిదానా, నా వేళ్ళ లెక్కకి అప్పుడే మంగళవారం వచ్చింది. యాప్ బుధవారం అంది. మా అమ్మాయి చేసింది, తప్పుండదనుకుని నా లెక్క పక్కన పెట్టేశాను. కాబట్టి తప్పు నాదీనూ.

నిన్న ఉదయ్‌భాస్కర్ గారింటికి వెళ్ళి చెప్పాను. "అమ్మకి ఏడాదికొక్క పూట పెట్టే ముద్దండి. అదీ తప్పించేశారా?" అన్నారాయన. అమావాస్యనాడు మళ్ళీ పెట్టిస్తానన్నాను. అక్కర్లేదు, వేరే వాళ్ళని పిలుచుకుంటామన్నారు. ముప్పై ఏళ్ళుగా నేను వెళ్తున్న ఇల్లు. చాలా బాధేసింది. కానీ కాదనడానికి నా దగ్గరేముంది?

యాప్ చూసి తేదీలు చెప్పిన ఇళ్ళు ఇంకా పద్నాలుగున్నాయి. మీ కంపెనీ ఎప్పుడు చెబుతుందో నాకనవసరం, నేను చెప్పేస్తాను. వచ్చే ఆదివారం మొదటి బస్సుకి వచ్చెయ్. ఇద్దరం కలిసే తిరుగుదాం. ప్రతి ఇంట్లోనూ మాట మాత్రం నువ్వే మొదలుపెట్టాలి.

నాన్న