ఎవరి పోలిక

విజయవాడ, కొత్తపేట
మార్చి 1975

అమ్మకి, నీ మార్త అనేక వందనాలు.

నాకు ఒంట్లో బాగానే ఉంది, పాఠాలు చెప్పడానికి బడికి పోతున్నాను, నీ అల్లుడు తాగడం లేదు. కవరు విప్పగానే నువ్వు వెతికేవి ఈ మూడు ముక్కలే కాబట్టి ముందే రాసేశాను. మిగతాది తలుపు వేసుకుని, కూర్చుని చదువు. పక్కింటి వెంకటరత్నమ్మ గారు "ఏం రాసింది మీ పిల్ల?" అని వస్తే మడిచి రవికలో పెట్టుకో.

వచ్చే వారం మీ పామర్రులో ఉజ్జీవ కూడికలు కదా. రెండో రోజు సాయంత్రం సాక్ష్యం చెప్పేది నీ అల్లుడే. ఆ పూట నువ్వు వెళ్ళొద్దు. చల్లపల్లిలో పిన్నికి జ్వరమనో మరొకటనో చెప్పి బస్సెక్కు. ఇంటింటా వాక్యం చదివే బైబిలమ్మ దీనమ్మ కూడికకి రాకపోతే ఊరంతా అడుగుతుందని నాకు తెలుసు. అడగనీ. నువ్వు మైకులో వినాల్సిన సంగతి కాదది, నేను చెప్పాల్సింది.

విడుదల కూడిక గురించి ఇదివరకు రాశాను. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన కృపానందం గారి ఇంటి వెనక రేకుల షెడ్డు. తాగుడు మానాలనుకునే వాళ్ళు ప్రతి గురువారం సాయంత్రం అక్కడ చేరతారు. రిక్షా వాళ్ళు, ఆటోనగర్ మెకానిక్కులు, ఒక కోర్టు గుమాస్తా. మన మతం కాని వెంకటప్పయ్య గారు కూడా వస్తారు, అందరికంటే గట్టిగా "స్తోత్రం" అనేది ఆయనే. అబద్ధమెందుకు ఆడాలి, వాళ్ళు మంచివాళ్ళమ్మా. జీతాలిచ్చే రోజు నలుగురు వెళ్ళి నీ అల్లుడు పనిచేసే లేత్ షెడ్డు ముందు కాపు కాసి, ఆయన్ని మధ్యలో పెట్టుకుని, పాటలు పాడుకుంటూ సారా కొట్టు దాటించి ఇంటికి తెస్తారు. అచ్చం పెళ్ళికొడుకుని తెచ్చినట్టే. గుమ్మంలో వాళ్ళకి మజ్జిగ ఇస్తుంటే నాకు ఏడుపొచ్చేది. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడకుండా బతుకుతున్నానంటే వాళ్ళ పుణ్యమే. అది మరిచి మాట్లాడితే నా కళ్ళు పోతాయి.

అయితే ఆ కూడికలో సాక్ష్యం చెప్పాలి. తాగిన రోజుల్లో ఏం చేశాడో లేచి నిలబడి దాచకుండా చెప్పాలి. చెప్పినకొద్దీ బరువు దిగుతుందంటారు కృపానందం గారు. నీ అల్లుడు చాలాకాలం నోరు విప్పలేదు. ఒక గురువారం విప్పాడు. "నా భార్య ఏడో నెల కడుపుతో ఉండగా, అన్నం చల్లారిందని బూటుకాలితో తన్నాను. నా కొడుకుని కడుపులోనే చంపుకున్నాను" అన్నాడు. షెడ్డంతా ఏడ్చింది. ఏడ్చి, "స్తోత్రం" అంది.

అదే అమ్మా సంగతి. అప్పుడు నీకు చెప్పినట్టు నేను బందరు కాలవ రేవులో పాచి మెట్టు మీద జారలేదు. జై ఆంధ్ర బందుల మధ్య దొరికిన బస్సు పట్టుకుని నీ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది ఆ దెబ్బతోనే. ఆడపిల్ల అంది మంత్రసాని. "చూస్తావా తల్లీ" అన్నావు నువ్వు. నేను గోడవైపు తిరిగాను. నువ్వే పెరట్లో పాతిపెట్టి, ఆడపిల్ల కదా అని గోరింట కొమ్మ నాటావు. ఆయన తరువాతెప్పుడో వచ్చాడు. ఏ బిడ్డ అని అడగలేదు. ఎక్కడ పెట్టారని అడగలేదు. తన కడుపున కొడుకే పుడతాడని తనే అనేసుకున్నాడు. ఇవాళ మైకులో కొడుకూ కొడుకూ అని ఏడుస్తుంటే, నా పిల్ల రెండోసారి పోయినట్టుంది నాకు.

ఒకచోట చెప్పి ఊరుకుంటే ఎలాగో ఓర్చుకునేదాన్ని. నీ అల్లుడి సాక్ష్యానికి పేరొచ్చింది. ఇబ్రహీంపట్నం పిలిచారు, దండ వేశారు. గొంతు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ ఆగాలో నేర్చుకున్నాడు. అన్నం చల్లారడం పోయింది, ఇప్పుడు నేను మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుంటుంటే తన్నాడట. ఆ రోజు నేను చేసింది ప్రార్థనా కాదు పాడూ కాదు, చేటలో బియ్యం ఏరుతున్నాను. కోర్టులోనైనా దెబ్బ తిన్నవాళ్ళని పిలిచి అడుగుతారు. ఇక్కడ కొట్టినవాడే సాక్షి. నేను చాప మీద కూర్చుని, నలుగురూ నావైపు తిరిగి చూస్తుంటే తల వంచుకోవాలి.

ఆపమని అడగలేను. సాక్ష్యం చెప్పినన్నాళ్ళూ తాగడని అందరి నమ్మకం, ఆయన నమ్మకం కూడా అదే. ఆపించాక మళ్ళీ తాగితే ఆ పాపం నా నెత్తిన పడుతుంది. అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. బడికి సెలవులివ్వగానే నీ దగ్గరికి వచ్చేస్తాను, మళ్ళీ రాను ఈ ఇంటికి. తాగేటప్పుడు వదల్లేదు, మానాక వదిలేసిందేమిటని అందరూ ముక్కున వేలేసుకుంటారు. వేసుకోనీ.

నీ దగ్గర ఇన్నాళ్ళూ దాచినందుకు కోప్పడకు. కూడికకి మాత్రం వెళ్ళకు.

నీ
మార్త


పామర్రు

మార్తా, తల్లీ,

దేవుడు నీకు తోడుగా ఉండాలి. నా అక్షరాలు నీ అక్షరాల్లా గుండ్రంగా ఉండవు. ఓపిగ్గా కూడబలుక్కో.

వెళ్ళొద్దని రాశావు. వెళ్ళాను. ముందు ఒక సంగతి చెప్పాలి. నువ్వు జారిపడలేదని నాకు అప్పుడే తెలుసు. నీ పచ్చి ఒంటికి నీళ్ళు పోసింది నేనే గదా. నడుము మీద బూటు మడమ అచ్చు పడి ఉంది. కాలవ రేవులో బూట్లుండవు మార్తా. నువ్వు దాస్తున్నావు, కదిలిస్తే ఇంకా విరిగిపోతావని నేనూ దాచాను. ఇంటింటికీ పోయి దుఃఖంలో ఉన్న ఆడవాళ్ళకి వాక్యం చదివి చెప్పేదాన్ని, నా కూతురికి ఏమీ చెప్పలేకపోయాను. నన్ను క్షమించు.

కూడికలో ముందు వరస చాప మీద కూర్చున్నాను. లేవాలని పోలేదు. మనసు రాయి చేసుకుని విందామనే పోయాను. అల్లుడు చెప్పుకుంటూ వచ్చాడు. నన్ను చూసి కొంచెం తడబడ్డాడు, మళ్ళీ అందుకున్నాడు. "ఆ పసికందు, నా కొడుకు" అన్నాడు. నా పక్కనున్న వాళ్ళంతా "స్తోత్రం" అన్నారు. నాకు కాళ్ళు ఆగలేదు. లేచి నిలబడి, "ఆడపిల్ల, అబ్బాయ్" అన్నాను.

మెల్లిగానే అన్నాను. దగ్గరుండబట్టి మైకు పట్టేసింది. పందిరంతా వినపడింది. పాస్టరు ఏసుపాదం గారు, "కూర్చోండి దీనమ్మ గారూ, తరవాత మాట్లాడదాం" అన్నారు.

"కూర్చుంటానయ్యా. ఆ పిల్లకి నీళ్ళు పోసి గుడ్డ చుట్టింది నేను. అబద్ధ సాక్ష్యం పలకకూడదని మనమే గదా పిల్లలకి నేర్పేది?" అన్నాను.

అల్లుడు మైకు వదిలి వెనక్కి జరిగాడు. ఇంతమంది జనంలో ఒక్కరూ స్తోత్రం అనలేదు. ఎవరో పాట ఎత్తుకున్నారు, అది కూడా సరిగ్గా సాగలేదు.

తెల్లారి ఇంటికొచ్చాడు. నేను వాకిలి ఊడుస్తున్నాను. "అత్తయ్యా, ఎక్కడ?" అన్నాడు. ఆ ఒక్క మాటే. పెరట్లోకి తీసుకుపోయి గోరింట చూపించాను. పోయినేడు వచ్చినప్పుడు ఆ మొక్క పక్కనే నిలబడి పళ్ళు తోముకుని ఉమ్మేశాడు మార్తా. ఆయన లోపలికి పోయాక నేను చెంబుడు నీళ్ళు పోసి ఆ చోటు కడిగాను. ఈసారి చెప్పులు విడిచి మట్టిలో కూర్చున్నాడు. కాఫీ ఇస్తే ముట్టలేదు. ఎండ నడినెత్తికి వచ్చాక లేచి బస్సుకి పోయాడు. చేతిసంచీ ఇక్కడే మర్చిపోయాడు.

నిజం చెప్పినందుకు నాకు విచారం లేదు. కానీ భయంగా ఉంది. ఆ మనిషి ఆ మాటల కర్ర పట్టుకునే నిలబడి ఉన్నాడు, నేను లాగేశాను. పడితే నీ మీదే గదా పడేది. ఇంటికి చేరాడా? వెంటనే రాయి. రెండు ముక్కలైనా సరే.

మీ అమ్మ
దీనమ్మ


విజయవాడ
ఏప్రిల్ 1975

అమ్మా,

చేరాడు. తాగి చేరాడు. ఉయ్యూరులో బస్సు దిగిపోయాడట. మూడో రోజు వెంకటప్పయ్య గారు వెతికి పట్టుకుని రిక్షాలో వేసుకొచ్చారు. నేను రోకలి పట్టుకుని తలుపు వెనక నిలబడ్డాను. ఈసారి కాలు లేస్తే విరగ్గొట్టేదాన్నే, ఒట్టు. కాలు లేవలేదు. గుమ్మంలోనే కూలబడ్డాడు. నేను లోపల గడియ వేసుకున్నాను. నీ భయం అబద్ధం కాలేదమ్మా, నా భయం కూడా.

మర్నాడు కృపానందం గారు వచ్చారు. "మీ అమ్మగారు కాస్త ఆగాల్సిందమ్మా. కట్టు కట్టిన పుండు మీద తన్నినట్టయింది" అన్నారు.

"తన్నడం గురించి నాకు చెప్పకండి బాబుగారూ" అన్నాను.

ముసలాయన మొహం పాలిపోయింది. నాకే జాలేసి మంచినీళ్ళిచ్చాను. తాగి గ్లాసు కింద పెట్టారు. "ఇన్ని గురువారాలు నువ్వు అక్కడే చాప మీద ఉన్నావు. నీకెలా ఉందమ్మా అని ఒక్కరోజూ అడగలేదు మేము" అన్నారు. అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వెళ్ళేటప్పుడు, ఆడవాళ్ళకి కూడా ఒక పూట పెడదామన్నారు. "పెట్టండి. కానీ మైకు వద్దు. ఎవరేం చెప్పినా స్తోత్రం అనకూడదు" అన్నాను. "అదెలాగమ్మా?" అని నోరెళ్ళబెట్టారు పాపం. అయినా పెట్టారు. ఆదివారం ఆరాధనయ్యాక నలుగురం కూర్చున్నాం, అందరం ఆ షెడ్డుకొచ్చే వాళ్ళ పెళ్ళాలమే. ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి, లేచి వెళ్ళిపోయింది. నేను నా పిల్ల గురించి చెప్పాను. మొదటిసారి బయటికి చెప్పాను. తేలికేం పడలేదు. తల నొప్పి మాత్రం వచ్చింది.

గురువారం నీ అల్లుడు "ఏ మొహం పెట్టుకుని పోను" అన్నాడు. "ఉన్న మొహం పెట్టుకునే పోండి" అన్నాను. పోయి వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తన వంతు వచ్చినప్పుడు, "మళ్ళీ తాగాను. నాకు పుట్టింది ఆడపిల్ల" అని కూర్చున్నాడు. అంతే. ఇక ఎక్కడా సాక్ష్యానికి పిలవరులే. ఆ తరువాత తాగలేదు. రేపు తాగడని నేను రాసివ్వలేను.

సెలవులకి వస్తాను. తిరిగి ఇక్కడికి వస్తానో రానో తెలియదు. ఆయనకీ ఆ మాటే చెప్పాను. "సరే" అన్నాడు. క్షమించావా అని మాత్రం నన్ను అడక్కు.

ఇంకొకటి అడగడానికే అసలు ఈ ఉత్తరం. నిన్న సాయంత్రం వరండాలో బియ్యం ఏరుతున్నాను. ఆయన పని నుంచి వచ్చి, బూట్లు బయట విప్పి, నా ఎదురుగా కూర్చున్నాడు. చేటలోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టాడు. ఇంకొకటి తీశాడు. తలెత్తకుండా అడిగాడు.

"ఎవరి పోలిక?"

చెప్పబోయాను. ఏం చెప్పనమ్మా? నాకూ తెలియదు. నేను గోడవైపు తిరిగిపోయాను గదా. ఆయన అడగలేదని ఇన్నాళ్ళూ కడుపు మండించుకున్నానే గానీ, నేనూ నిన్ను ఒక్కసారీ అడగలేదు. "నేను చూడలేదండీ" అన్నాను. ఇద్దరం చేట మధ్యలో పెట్టుకుని ఏడ్చాం. ఆయన నన్ను ముట్టుకోలేదు, నేనూ ముట్టుకోనివ్వలేదు.

చూసింది నువ్వొక్కదానివే. ముక్కు ఎలా ఉంది? తల నిండా జుట్టుందా? చేతివేళ్ళు నావా, ఆయనవా? నన్ను బాధపెట్టకూడదని ఏదీ దాచకు, ఉన్నదున్నట్టు రాయి. పోస్టు వచ్చే వేళకి ఇద్దరం గుమ్మంలోనే ఉంటాం.

నీ
మార్త