పారెయ్యమన్న ప్లేట్లు

మార్చి 4
ఐదో బ్యాచ్ కూడా పోయింది. ఐదు వందల లీటర్ల రియాక్టర్ నిండా మొక్క కణాలు, గంజిలా చిక్కగా, తెల్లగా. చక్కెర నీళ్లు తాగి బలుస్తున్నాయి. వాటి నుంచి రావాల్సిన క్యాన్సర్ మందు మాత్రం చుక్క లేదు. తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు అని మా టెక్నీషియన్ నవ్వారు. అందరం ఆయన్ని బాబాయి అంటాం. నాకు నవ్వు రాలేదు.

మార్చి 9, ఉదయం 7
ఏళ్ల తరబడి పెంచితే కణాలు మందు చేయడం మరిచిపోతాయి. అందుకే మొదటి తరం కణాల్ని ఫ్రీజర్‌లో దాస్తాం. అన్నీ కరిగించి చూశాం. ఒక్కటీ బతకలేదు. మే నెలాఖరు దాకా చూసి ల్యాబ్ మూసేస్తామని డైరెక్టర్ మేడం చెప్పారు. పదకొండు మందిమి.

మార్చి 10
అక్క ఫోన్ చేస్తే పనిలో ఉన్నానన్నాను. ఏ పనీ లేదు.

మార్చి 12
కోప్పడనంటే ఒకటి చెబుతానన్నారు బాబాయి. స్టోర్ వెనక గదికి తీసుకెళ్లారు. పాత అల్మారాలో నలభై ప్లేట్లు. జెల్లీ మీద శనగగింజంత కణాల ముద్దలు. మొదట్లో మొక్క నుంచి తీసిన తరానివే.

రెండేళ్ల క్రితం వాటిని పారెయ్యమన్నది నేనే. చోటు దండగన్నాను.

"అందుకేనమ్మా, మీ కంట పడకుండా పెట్టాను" అన్నారు. నెలనెలా తెల్లగా బలిసినవి వదిలేసి, గోధుమరంగు తేలినవే ఏరి కొత్త ప్లేట్లలోకి మార్చేవారట. మందు చేసేవి ఆ రంగువే. ఎందుకు దాచారని అడిగాను. చేత్తో పెంచినవాటిని పారెయ్యడానికి చెయ్యి రాలేదట.

మే 6
ఆ ముద్దల్ని పెంచిన ఫ్లాస్కులో మందు వచ్చింది. రెండుసార్లు కొలిచాను. కొంచెమే. కానీ ఉంది. గ్రాఫ్ మీద ఆ చిన్న మొనను, టీ చల్లారేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

మే 8
ముందుజాగ్రత్తగా దాచి ఉంచామని రిపోర్ట్‌లో రాస్తే చాలన్నారు మేడం. పారెయ్యమన్న సంగతి ఎవరడుగుతారని. నిజమే. అలాగే రాశాను. బాగానే కుదిరింది.

మే 9
చింపేశాను. నేను పారెయ్యమన్నాననీ, ఆయన పారెయ్యలేదనీ రాసిచ్చాను. మేడం కళ్లజోడు తీసి, నీ ప్రమోషన్ సంగతి ఆలోచించుకున్నావా అన్నారు. ఆలోచించుకున్నానన్నాను. లోపల కాస్త గర్వం కూడా.

సాయంత్రం బాబాయి మొహం వాడిపోయి ఉంది. చెప్పిన మాట వినలేదని తనకు మెమో ఇస్తారేమోనని. ఆ ముక్క నాకు తట్టనేలేదు. నిజాయితీకి పోయేముందు ఆయన్నొక మాట అడగాల్సింది.

మే 20
మెమోలు వచ్చాయి, ఇద్దరికీ. ల్యాబ్ మాత్రం ఉంటుంది. ఇంట్లో చూపించి గొప్పలు చెప్పుకుంటానని ఆయన మెమో మడిచి జేబులో పెట్టుకున్నారు. అడక్కుండా రాసివ్వడం నా తప్పేనన్నాను. వదిలెయ్యమ్మా అన్నారు.

జూన్ 6
బాబాయి సెలవు. ప్లేట్లు నేనే మార్చాను. మెడ పట్టేసింది.

జూన్ 10
నేను మార్చిన నలభైలో రెండు ప్లేట్లకు బూజు పట్టింది. భయపడుతూ ఫోన్ చేశాను.
"రెండేనా?" అన్నారు.