మళ్లీ వేసుకోవాల్సిన మాత్ర

నాన్నా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. నిన్న బందరులో నీ చెల్లెలికి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. నీకులాగే అత్తకీ గుండెలో వాల్వు మార్చారు కదా, అందుకని రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రని ఐదు రోజుల ముందే ఆపించారు. మళ్లీ ఎప్పుడు మొదలెట్టాలో కాగితం మీద రాసివ్వమని గట్టిగానే అడిగాను.

"అరవకు బాబూ, రాసే ఇస్తాం," అంది నర్సు.

ఇవాళ సాయంత్రం నుంచి వెయ్యమని రాశారు. అత్త మాత్రం ఒప్పుకోలేదు.

"కుట్లు ఆరేదాకా చేపా వంకాయా ముట్టనిదాన్ని, రక్తం పల్చబడే మాత్ర మింగుతానా? పత్యం పత్యమేరా."

"ఆ పత్యమే నాన్నని తీసుకుపోయింది అత్తా."

హెర్నియా ఆపరేషనయ్యాక హంసలదీవిలో మంచం మీద కూర్చుని నువ్వూ ఇదే మాటన్నావు. నేనేమో చేతిలో కరపత్రం పట్టుకుని, మందుల కంపెనీల దోపిడీ గురించి ఉపన్యాసం ఇస్తున్నాను. ఒక మాత్ర తగ్గితే ఒక సంకెల తెగినట్టే అన్నాను. నువ్వు నవ్వావు. మూడు వారాలకి మెదడులో రక్తం గడ్డకట్టి నీ మాట పడిపోయింది. ఆ తర్వాత నాలుగు రోజులే ఉన్నావు.

"మరి మా అన్నయ్యకి అప్పుడెవరూ చెప్పలేదంట్రా?" అంది అత్త.

"నేను చెప్పానత్తా. వేసుకోవద్దని."

అత్త చెయ్యి చాపి, మాత్ర తీసుకుని మింగింది.

ఇప్పుడు అత్త నిద్రపోతోంది. రక్తం మరకేమైనా వస్తుందేమోనని మాటిమాటికీ కట్టు వంక చూస్తున్నాను. ఇంకా తెల్లగానే ఉంది నాన్నా.