మళ్లీ ఆడిన ఆట

పుణెలో ఉన్న అమ్మకు నర్మద దండాలు. ఇక్కడ మేమందరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ బాగుండాలి.

ఫోన్‌లో మాట్లాడితే నాన్న పక్కనే ఉంటాడు. అందుకే మన పక్కింటి కమలవ్వ పని మీద పుణెకు వస్తుంటే తన చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. చెల్లి సరిగా తింటోందా అని అడిగావు. తింటోంది. చిక్కడపల్లి గది ఇంకా కురుస్తోందా అన్నావు. పొయ్యి పక్కన కురుస్తోంది, గిన్నె పెట్టాం. చెస్ పోటీ సంగతి అడిగావు. అది చెప్పడానికే కూర్చున్నాను.

పోటీ నారాయణగూడలో జరిగింది. చివరి ఆట నాకూ చెల్లి అంబికకూ పడింది. గెలిచినవాళ్లకే కప్పు. అశోక్ నగర్ చెస్ సార్ మాలో ఒక్కరికే ఫీజు లేకుండా నేర్పుతానన్నాడు కదా, గెలిచినదాన్నే పంపుతానని నాన్న ముందే చెప్పాడు. బల్ల దగ్గర చెల్లి నా వైపు చూసి, గుర్రాన్ని ముందుకు జరిపి మళ్లీ వెనక్కి తెచ్చింది. నేనూ అలాగే చేశాను. అవే ఎత్తులు తిప్పి తిప్పి వేశాం. ఆట డ్రా అయింది. మాకు చెరి అర పాయింటే వచ్చి, కప్పు ఎక్కువ పాయింట్లున్న ఇంకో పిల్లకు పోయింది. మేమిద్దరం బయట మెట్ల మీద ఒకటే నవ్వు.

నాన్న ఆటో జోరుగా నడిపాడు. ఇంటికొచ్చి తలుపేశాడు.

“ఏంది, నన్ను పాగల్‌ని చేస్తున్నరా? మళ్ల ఆడుండ్రి. ఒకరు ఓడేదాక ఇద్దరికీ బువ్వ లేదు. ఓడినదానికి ఇగ ఆట బంద్.”

చెల్లి భయపడలేదు. “అక్కా, మళ్ల గట్లనే ఆడుదాం,” అని నా చెవిలో చెప్పింది. గుర్రాన్ని ముందుకు జరిపింది, వెనక్కి తెచ్చింది. నేనూ తెచ్చాను. మళ్లీ జరిపింది. గుర్రం తప్పుకోగానే చెల్లి రాణికి కాపు లేకుండా పోయింది. రాణిని తీసేశాను.

“అక్కా, చూస్కోలేదా?” అంది. పొరపాటున తీశాననుకుంది.

నాన్న నాకు అన్నం వడ్డించాడు. చెల్లి పావులన్నీ సంచిలో వేసి నా పక్కన పెట్టింది.

అంబికకు ఆట మీద ఇష్టం పోయిందని మొన్న ఫోన్‌లో నేను నీకు చెప్పింది అబద్ధం. నాన్నకు భయపడి గెలిచానని రాద్దామనుకున్నాను. అదీ అబద్ధమే. చెల్లి నాకంటే బాగా ఆడుతుంది. నన్ను నమ్మింది కాబట్టే ఓడింది. ఇంకోలా నేను గెలిచేదాన్ని కాదు.

సోమవారం నుంచి అశోక్ నగర్ పోతాను. నువ్వు వద్దన్నా పోతాను.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ
నర్మద