నలభై వేలకు ఆగిపోయే సైరను

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ, అత్తయ్యా, చిన్నదీ కులాసా. అత్తయ్యకు మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. ఓడలో మీ జ్వరం పోయిందని చదివి అందరం ఊపిరి పీల్చుకున్నాం. చిన్నదానికి ముందు పళ్లు ఊడాయి. మీరొచ్చేలోపే కొత్తవి వచ్చేస్తే బోసినవ్వు మీకు చూపించలేనని దాని బెంగ.

"అంకెల్ని ఏ గడిలో పెడితేనేం, దానికోసం మేనేజరుతో గొడవా?" అని అడిగారు. చెబుతాను వినండి. నదిలో పెట్టిన పరికరం నీటి ప్రవాహాన్ని వట్టి అక్షరాలుగా పంపుతుంది. మా ప్రోగ్రాం వాటిని సంఖ్యగా మార్చి, ఒక గడిలో ఉంచుకుని, ప్రమాదమైతే ఒడ్డున సైరను మోగించాలి. మేనేజరు పెట్టించింది పదహారు బిట్ల చిన్న గడి. అందులో ముప్ఫై రెండు వేల చిల్లర దాకానే పడుతుంది. నలభై వేల క్యూసెక్కులు వస్తే గడి నిండిపోయి, అంకె అటు తిరిగి మైనస్ పాతిక వేల చిల్లరగా కనిపిస్తుంది. మైనస్ చూడగానే ప్రోగ్రాం, పరికరం పాడైందనుకుని సైరను ఆపేస్తుంది. అంటే వరద పెరిగేటప్పుడు మోగి, అసలు ముంచే గడియకు ఆగిపోతుందన్నమాట. గండం గడిచిందనుకుని ఇటుక బట్టీల దగ్గరి కూలీలు పిల్లల్ని తీసుకుని మళ్లీ గుడిసెల్లోకి వెళ్తారు.

ముప్ఫై రెండు బిట్ల పెద్ద గడి పెట్టి, అందులోనూ పట్టనిది వస్తే సైరను మోగించమంటే సరిపోతుంది. కానీ ఒడ్డున బిగించిన మా ప్రోగ్రాం పెట్టెలన్నీ ఊడదీసి తేవాలి. అదీ మేనేజరు బాధ.

"ఆ నదికి అన్ని నీళ్లు ఎప్పుడొచ్చాయమ్మా? రాని వరదకి గొడుగు పడతావేంటి?" అన్నాడు.

"వచ్చాక గొడుగు పనికిరాదు సార్, పడవ కావాలి" అన్నాను. అప్పటినుంచి నేనంటే ఆయనకు ఒళ్లుమంట.

అన్నీ సరిగా ఉన్నాయన్న కాగితం మీద సంతకం పెట్టేశావా అన్నది మీ రెండో ప్రశ్న. పెట్టలేదు. పెట్టను. "ఒక్క సంతకమేగా" అని మీరెలా రాశారండీ? ఇంజను గదిలో ఆవిరి కొలిచే ముల్లు అబద్ధం చెబుతోందని తెలిసి మీరు పెడతారా? ఆ మాటకు నాకు నిజంగా కోపం వచ్చింది.

ఇక మీకు రాయకుండా దాచిన సంగతి. పోయిన నెల పై అధికారులు వచ్చినప్పుడు, మేనేజరు సైరను మోగించి చూపిస్తుండగానే నేను లేచి వెళ్లి, పరికరం పంపే అంకె ఉండాల్సిన చోట నలభై వేలు అని కొట్టాను. గోలగా మోగుతున్న సైరను గుటుక్కున ఆగింది. సాయంత్రానికి నా ఉద్యోగం ఊడింది. మీకేమో అంతా బాగుందని రాశాను. నా జీతం చూసుకునే కదా మీరు ఓడ దిగి వచ్చేద్దామనుకున్నారు, అందుకని నిజం రాయడానికి చేయి రాలేదు.

నిన్న మేనేజరు కబురు పెట్టాడు. కంగారులో తప్పు అంకె కొట్టానని రాసిస్తే మళ్లీ తీసుకుంటాడట, పెట్టెలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయట. నేను కొట్టిన అంకె సరైనదేనని, మళ్లీ పిలిస్తే మళ్లీ అదే కొడతానని రాసి, దాని నకలు ఆ అధికారులకు కూడా పంపాను. అత్తయ్యతో చెబితే, "మా వాడికి నువ్వే రాయి. నేను రాస్తే నీ వైపే రాస్తాను" అంది.

ఉద్యోగం పోయింది కాబట్టి ఇంకో ఏడాది ఓడలోనే ఉంటానంటే మాత్రం ఒప్పుకోను. ఉన్నదాంట్లోనే సర్దుకుందాం. కోపమొస్తే ఉత్తరంలో తిట్టకండి. వచ్చి, నా ఎదురుగా కూర్చుని తిట్టండి.

ఇట్లు,
మీ అమ్మ 'మొండిఘటం' అని పిలిచే
మీ భార్య